నడిస్తేనే వినిపించే మైలాపూరు

డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా చెన్నైలో జరిగే సంగీతోత్సవాలకు ‘సీజన్’ అన్న ఒక్క మాట చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఊరికి వచ్చేవాళ్ల చేతిలో రెండు జాబితాలుంటాయి. ఒకటి కచేరీలది, రెండోది టిఫిన్ హోటళ్లది. పొద్దున ఒక మెస్సులో పొంగలి, సాయంత్రం ఒక సభలో గాత్రం, మధ్యలో క్యాబు. ఇలా చేస్తే మంచి పాట దొరుకుతుంది, మంచి పలహారమూ దొరుకుతుంది, ఊరు మాత్రం చేతికి చిక్కదు. చెన్నైలో పాట, పలహారం విడివిడిగా పెరగలేదు. రెండూ వీధిలో పుట్టి, నడక మీద పెరిగి, చాలా ఆలస్యంగా కప్పు కిందికి చేరాయి. అందుకే ఈ నగరాన్ని, ముఖ్యంగా మైలాపూరును, తెలుసుకోవడానికి కాలినడకను మించిన దారి లేదని నా నమ్మకం. ఆ సంగీతం ఎలా తయారైందో, ఆ తిండి ఎవరి కోసం వండారో చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తేలుతుంది.

త్యాగరాజస్వామి తిరువయ్యారులో ఉంఛవృత్తితో బతికారు. తంబురా మీటుకుంటూ వీధి వెంట కీర్తన పాడుతూ వెళితే ఇల్లాళ్లు గుప్పెడు బియ్యం పోసేవారు. ఆ బియ్యమే ఆ పూట ఇంటివారికీ శిష్యులకూ అన్నం. పుష్య బహుళ పంచమినాటి ఆరాధనలో ఇప్పటికీ ఉంఛవృత్తి జరుపుతారు. పాటకూ తిండికీ నడుమ ఉన్నది నడకేనని ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ మరొకటి ఉండదు. గుడి సంగీతమూ ఈ బాటలోదే. నాదస్వరాన్ని కుర్చీల్లో కూర్చుని వినడం ఈమధ్య వచ్చిన అలవాటు. అసలు అది ఊరేగింపు వాద్యం. స్వామి బయలుదేరేటప్పుడు గంభీరనాట రాగంలో వాయించే మల్లారిలో రకరకాలున్నాయి. రథానికి ఒకటి, తీర్థానికి ఒకటి, గుడి వంటశాల నుంచి నైవేద్యం తెచ్చేటప్పుడు మరొకటి. ఆ చివరిదాన్ని తళిగ మల్లారి అంటారు. పొయ్యి దగ్గరి నుంచి గర్భగుడి దాకా అన్నం సాగే ఆ కాస్త దూరానికి కూడా పూర్వులు ఒక ప్రత్యేకమైన సంగీతాన్ని కట్టారు. ఈ విద్యను మనవాళ్లు దూరం నుంచి చూసి మెచ్చుకుని ఊరుకోలేదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

ధనుర్మాసంలో మన ఊళ్ల గుళ్లలోనూ చదివే తిరుప్పావైని ఈ కంటితో ఒకసారి చూడండి. గోదాదేవి తెల్లవారకముందే లేచి, ఒక్కో ఇంటి ముంగిట నిలబడి చెలులను నిద్రలేపుకుంటూ వెళుతుంది. అది వీధిలో సాగే పాట. నెలంతా సాగే ఆ వ్రతం 27వ పాశురం రోజున నెయ్యి ఓడే అక్కారవడిసల్‌తో పండుగ చేసుకుంటుంది. మైలాపూరులో కపాలీశ్వరుడి గుడి చుట్టూ మాడవీధుల్లో మార్గళి, అంటే మన ధనుర్మాసం, వేకువన జరిగే భజనకు ఇదే నేపథ్యం. పాపనాశం శివన్ (1890–1973) దశాబ్దాల పాటు ఆ భజనను ముందుండి నడిపారు. అప్పట్లో ఆయన వెంట పాడుతూ నడిచినవారికి టికెట్టు లేదు, వేదిక లేదు. ముగ్గులు పెట్టే చేతులు ఒక నిమిషం ఆగేవి, పాట ముందుకు సాగిపోయేది. వేకువ భజన ఆ వీధుల్లో నేటికీ ఉంది. 1906లో లేచిన తూర్పు గోపురం కింద ఆ గుంపు మలుపు తిరిగేటప్పుడు వింటే, సీజన్ అసలు మొదలయ్యేది హాల్లో కాదని తెలిసిపోతుంది.

అదే వేళకు పొయ్యిలు కూడా రాజుకుంటాయి. మైలాపూరులో పేరున్న పాత పలహారశాలలు చాలావరకు చిన్నవే, గుడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. ఒక్కసారికి కొద్దిమందికే చోటుండే రాయర్ మెస్సులో పొంగలికీ గట్టి చట్నీకీ జనం బయట నిలబడి వంతు కోసం చూస్తారు. పొన్నంబల వాద్యార్ వీధిలో ఒక ఇంటి కిటికీలోంచే ఇడ్లీ, బజ్జీ అందిస్తారు; పేరు కూడా కిటికీ అంగడే, ‘జన్నల్ కడై’. మాడవీధి మూలనున్న కాళత్తి పత్రికల దుకాణం పత్రికలకన్నా రోజ్ మిల్క్‌తోనే ఎక్కువమందికి తెలుసు. వీటిలో దేనికీ కారు నిలిపే స్థలం లేదు, ఎప్పుడూ అవసరం రాలేదు. గుడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఆఫీసుకు నడిచేవాళ్లను చూసుకుని పుట్టిన అంగళ్లివి. నిలబడి తిని, డవరాలో కాఫీ తిరగబోసుకుని తాగి, పది నిమిషాల్లో కదిలిపోయేవాడే వాటి ఖాతాదారు. అందుకే అక్కడి వంట వేడిగా, తాజాగా, తక్కువ రకాలతో ఉంటుంది. ఇంటికి తెప్పించుకుంటే అరగంట తర్వాత మెత్తబడిన వడ వస్తుంది. ఆ వంటవాడి పనితనం దారిలోనే చల్లారిపోతుంది.

హాళ్లు వచ్చినది తర్వాత. తిరువల్లికేణిలో పార్థసారథిస్వామి సభ 1900 ప్రాంతంలో మొదలైంది. అప్పటికి కచేరీలకు కేంద్రం మైలాపూరు కాదు, జార్జిటౌను. వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇల్లు అక్కడే. శుక్రవారం సాయంత్రాలు ఆమె వీణ వినడానికి పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చి చాప మీద కూర్చునేవారు. మన క్షేత్రయ్య పదాలు, జావళీలు చెడిపోకుండా మన దాకా రావడంలో ఆ ఇంటి ఆడవాళ్ల పాలు చాలా పెద్దది. 1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ మద్రాసులో జరిగినప్పుడు, దానితో పాటు జరిగిన సంగీత సమ్మేళనంలో ఒక అకాడమీ ఉండాలన్న తీర్మానం వచ్చింది. 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. కోర్టులకూ ఆఫీసులకూ క్రిస్మస్ సెలవులు కలిసివచ్చి డిసెంబరే సంగీతానికి నెల అయింది. ఉద్యోగాల వెంట, వకీళ్ల ఇళ్ల వెంట సభలు దక్షిణంగా మైలాపూరు వైపు జరిగాయి. గాత్రం వినేవాళ్లు కాపురమున్న చోటికే సభ వచ్చిందన్న మాట. అంటే నడిచి వచ్చే శ్రోతను నమ్ముకునే ఈ హాళ్లు కట్టారు.

సభతో పాటు క్యాంటీనూ వచ్చింది. సీజన్ రోజుల్లో ఏ సభ క్యాంటీన్ ఎవరు నడుపుతున్నారన్నది కచేరీల పట్టికతో సమానంగా పత్రికల్లో వార్త అవుతుంది. అరటిపువ్వు వడ, ఆకుకూర వడ, అడై-అవియల్, సేవై, అశోకా హల్వా, కాశీ హల్వా. పెళ్లిళ్లకు వండే పెద్ద వంటవాళ్లు మార్గళిలో ముహూర్తాలు లేక ఖాళీగా ఉంటారు. ఆ ఖాళీయే సభలకు వరమైంది. ముఖ్యమైన సంగతేమిటంటే క్యాంటీనుకు వెళ్లడానికి టికెట్టు అక్కర్లేదు. చాలా సభల్లో మధ్యాహ్నం పూట యువ కళాకారుల కచేరీలకూ టికెట్టు ఉండదు. సాయంత్రం పేరున్నవారి కచేరీకి ముందు వరుస టికెట్టు దొరకనివాడు కూడా పొద్దున ప్రసంగం, మధ్యాహ్నం రెండు కచేరీలు, నడుమ అరటాకు భోజనం దాదాపు తిండి ఖర్చుతోనే ముగించుకోవచ్చు. పెద్ద సంగీతోత్సవాల్లో ఇలాంటి ఏర్పాటు ఇంత సులువుగా దొరకడం అరుదు. పైగా ఆ క్యాంటీన్ బల్ల దగ్గరే అసలు విమర్శ జరుగుతుంది. ఇందాక పాడిన రాగం మోహనమా భూపాలమా అని అడిగే కొత్తవాడికి, పక్కనే సాంబారు పోసుకుంటున్న పెద్దాయన ఓపికగా ఆరోహణ పాడి చూపిస్తాడు. ఆ ఒక్క నిమిషం చదువు పుస్తకంలో దొరకదు.

ఇక దారి సంగతి. గుడి నుంచి లజ్ కూడలి మీదుగా రాయపేట హైరోడ్డు పట్టుకుని అకాడమీకి సుమారు రెండు కిలోమీటర్లు. తెలుగువాళ్లు ఈ దారిని కారులో దాటితే వాళ్ల చరిత్రనే దాటిపోతారు. లజ్‌కు పశ్చిమాన నాగేశ్వరరావు పార్కుంది. ఆంధ్రపత్రిక స్థాపకులు, అమృతాంజనం తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867–1938) పేరు అది. తన మందును మొదట్లో సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక రాసుకున్నారు. పంతులుగారి పేరున్న ఆ పార్కులో పిల్లలు మైకు లేకుండా కచేరీలు చేసే సంప్రదాయం ఏళ్లుగా ఉంది. పచ్చిక మీద కూర్చుంటేనే వినిపించే గొంతులవి. రాయపేట హైరోడ్డు మీదే బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. 1952 అక్టోబరు 19న అక్కడ నిరాహారదీక్ష మొదలుపెట్టిన పొట్టి శ్రీరాములు 58 రోజుల తర్వాత డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఏటా అకాడమీ ఉత్సవాలు మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. సీజన్ వంటల మధ్య నుంచి నడుస్తూ, అన్నం ముట్టకుండా ప్రాణం విడిచిన మనిషి స్మారకం ముందు నిలబడటం తెలుగువాడికి తప్పనిసరి అనిపించాలి. కారులో వెళ్లేవాడికి ఆ భవనం ఎడమన వచ్చిందో కుడిన వచ్చిందో కూడా తెలియదు.

ఈ వాదనకు సంగీతజ్ఞుల నుంచే ఒక గట్టి అభ్యంతరముంది. కచేరీ శ్రద్ధగా కూర్చుని వినవలసినది. తిండీ తిరుగుడూ కలిస్తే ఏకాగ్రత చెడుతుంది. క్యాంటీన్ వల్లనే మృదంగం తని ఆవర్తనం మొదలవగానే సగం హాలు లేచిపోతోంది అంటారు. చివరి మాట నిజమే, అది కళాకారుడి పట్ల అపచారమే. సంవత్సరమంతా సాధన చేసిన లెక్కలను ఒక పావుగంటలో వినిపించే అవకాశం మృదంగ విద్వాంసుడికి అదొక్కటే. కానీ తప్పు క్యాంటీనుది కాదు. అరియకుడి రామానుజయ్యంగార్ (1890–1967) స్థిరపరచిన కచేరీ పద్ధతిలో ప్రధాన కృతి, దాని వెంట తని వచ్చేసరికి రెండు గంటలకు దగ్గరవుతుంది. పొద్దుటి నుంచి ఒక హాలు నుంచి ఇంకో హాలుకు వాహనంలో పరుగెత్తి, ఎక్కడా ఆగకుండా నాలుగో కచేరీకి వచ్చినవాడు అప్పుడు లేవకపోతే ఆశ్చర్యం. నడిచేవాడు రోజుకు రెండే కచేరీలు వినగలడు. రెంటికీ మధ్య తిన్నాడు, నడిచాడు, విన్నదాన్ని మనసులో నెమరువేసుకున్నాడు. హాల్లోకి వచ్చాక కూర్చోగలడు. నడక ఏకాగ్రతను చెడగొట్టదు, అది కూర్చోవడానికి మనిషిని సిద్ధం చేస్తుంది.

ఇప్పుడన్నీ ఇంట్లోనే వినవచ్చు కదా అన్నది రెండో ప్రశ్న. 2020 డిసెంబరులో కరోనా వల్ల హాళ్లు మూతపడి సీజన్ అంతర్జాలంలోకి వెళ్లింది. దాని వల్ల మేలు జరగలేదని అనను. ఊరు కదలలేని వృద్ధులు, డాలస్‌లోనో దుబాయిలోనో ఉన్న తెలుగువాళ్లు కచేరీలు విన్నారు, ఇప్పటికీ వింటున్నారు. అయితే తెర మీద మనం వెతికి పెట్టుకున్నదే వింటాం, పేరు తెలిసినవాళ్లనే వింటాం. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండలో నడుస్తూ, చల్లదనం కోసం తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, పేరు కూడా తెలియని పంతొమ్మిదేళ్ల పిల్ల పాడిన కల్యాణికి కదలలేక కూర్చుండిపోవడం తెర మీద జరగదు. సభ పట్టికలో చిన్న అక్షరాల్లో ఉన్న కళాకారులను బతికించేది అలా దారి తప్పి వచ్చే శ్రోతే.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. మైలాపూరు చెన్నై కాదు, ఈ సభలూ ఈ పలహారాలూ ఒక కులపు వలయం, దాని చుట్టూ ప్రదక్షిణం చేసి నగరాన్ని చూశామనడం తప్పు అంటారు. ఈ మాటను తోసిపుచ్చడం నిజాయితీ కాదు. తిరువల్లికేణిలో ఒక హోటలు మీద ‘బ్రాహ్మణ హోటల్’ అన్న బోర్డు తీయించడానికి 1957లో పెరియార్ ఉద్యమం చేయవలసివచ్చింది. ధనమ్మాళ్ వంటి వారి కులాల నుంచి నేర్చుకున్న పదాలను సభలు తీసుకున్నంత ఆదరంగా ఆ మనుషులను తీసుకోలేదు. గాయకుడు టి.ఎం. కృష్ణ 2015లో డిసెంబరు సీజన్‌లో పాడనని ప్రకటించి, బెసంట్ నగర్ పక్కనున్న ఊరూర్-ఆల్కాట్ కుప్పం మత్స్యకారుల మధ్య కచేరీలకు తోడ్పడినప్పుడు లేవనెత్తిన ప్రశ్నలు ఇంకా అలాగే ఉన్నాయి. కానీ ఈ అభ్యంతరానికి జవాబు నడక మానేయడం కాదు, ఇంకా ముందుకు నడవడం. మాడవీధుల దగ్గర ఆగిపోయినవాడి నడక సగమే. ఉత్తరానికి వెళితే తంగశాల వీధి, షావుకారుపేట, నేతి ఇడ్లీ, జిలేబీ. బీచ్ స్టేషన్ దగ్గర బర్మా నుంచి తిరిగివచ్చినవాళ్లు తెచ్చిన అత్తో నూడుల్స్ బండ్లు. ఇంకా ముందు రాయపురం, వ్యాసర్‌పాడి. చావు ఇళ్ల ముందు రాత్రంతా పాడే గానా పాటల పుట్టిల్లు. ఆ పాట కూడా వీధిదే, ఆ పాటకూ కప్పు లేదు. సినీ దర్శకుడు పా. రంజిత్ నీలం సంస్థ 2020 నుంచి ఇదే మార్గళి నెలలో గానా పాటలతో, పఱై వాద్యంతో జనసంగీతోత్సవం జరుపుతోంది. నగరానికి ఒకే డిసెంబరు లేదని ఆ వేదిక చూపించింది. టిఫిన్ చరిత్ర కూడా ఒక్క వీధి సొత్తు కాదు. తిరువల్లికేణిలో ఇడ్లీ మీద సాంబారు కుమ్మరించే రత్నా కేఫును 1948లో పెట్టింది ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబం. ఊరంతటికీ దోసె రుచి అలవాటు చేసినవాళ్లు ఉడిపి నుంచి వచ్చారు. 2017లో యునెస్కో చెన్నైని సృజనాత్మక నగరాల్లో సంగీత నగరంగా గుర్తించింది. ఆ గుర్తింపుకు హక్కుదారులు రాయపురంలోనూ ఉన్నారు.

మన తెలుగువాళ్ల అభ్యంతరం వేరు. పాడేవన్నీ మన కృతులే, కానీ మాటలు విరిచేస్తున్నారు, అర్థం చెడగొడుతున్నారు, వినలేకపోతున్నాం అంటారు. కొంత నిజముంది. అయితే ఇదే నగరంలో, కచేరీల్లో తెలుగు మరీ ఎక్కువైందన్న ఆవేదనతో 1943లో తమిళ ఇసై సంఘం పుట్టిందని కూడా గుర్తుపెట్టుకోవాలి. తమ భాషకు చోటు కావాలన్న ఆ కోరిక న్యాయమైనదే. ఆ ఉద్యమం వచ్చాక కూడా తెలుగు కృతిని వదలకుండా, తమకు రాని భాషలో ఒక్కో సంగతినీ గురువు దగ్గర నేర్చుకుని పాడుతున్నారు తమిళులు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ పేరులోని పట్నం ఈ చెన్నపట్నమే. ఆయన రాసింది మన భాషలో. త్యాగరాజస్వామి కోవూరుకూ తిరువొత్తియూరుకూ వచ్చినప్పుడు కట్టిన పంచరత్నాలు ఈ నగరం అంచుల్లో పుట్టినవే. బాలమురళి పాడింది, జీవించింది, పోయింది ఇక్కడే. ఇన్ని ఉండి కూడా మధ్యాహ్నం కచేరీలో తెలుగు మాతృభాషగా ఉన్న శ్రోత అరుదు. పదం విరిగినప్పుడు కచేరీ అయ్యాక వెళ్లి, మెచ్చుకుని, ఈ మాట ఇక్కడ విరవకూడదమ్మా అని నెమ్మదిగా చెప్పేవాళ్లు హాల్లో ఉంటే ఆ పిల్లలు సంతోషంగా దిద్దుకుంటారు. దూరం నుంచి విసుక్కోవడం వల్ల ఒక్క అక్షరం బాగుపడదు. విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్నవాళ్లం. వినడంలో మనం వెనుకబడ్డామన్నది ఒప్పుకోవలసిన విషయం.

చివరగా, నడవమని చెప్పేముందు నడవడానికి దారి ఉందా అని అడగాలి. సభల్లో కూర్చునేవారిలో ఎక్కువమంది పెద్దవయసువాళ్లు. పాదచారులకూ సైకిళ్లకూ ప్రాధాన్యమిస్తామని చెన్నై కార్పొరేషన్ 2014లోనే విధానం ప్రకటించింది. 2019లో పాండీ బజారులో నడిచేవాళ్ల కోసం వెడల్పైన దారి తెరిచింది, అది జనంతో నిండిపోయింది. మైలాపూరులో మాత్రం లజ్ చుట్టూ మెట్రో రెండో దశ తవ్వకాలు, వాటి చుట్టూ రేకుల గోడలు. మెట్రో అవసరమే. అది పూర్తయ్యాక పైన రోడ్డును మళ్లీ వాహనాలకే రాసిచ్చేస్తే మాత్రం నష్టం ఒక తరంతో పోదు. గుడి నుంచి అకాడమీ దాకా, అక్కడి నుంచి ఆళ్వార్‌పేటలోని నారద గాన సభ దాకా, డెబ్బై ఏళ్ల మనిషి తడబడకుండా నడవగలిగే ఒకే కాలిబాట కావాలి. సభలన్నీ కలిసి అడిగితే కార్పొరేషన్ కాదనలేని కోరిక ఇది. కొత్త హాలు కట్టడం కన్నా ఈ సంగీతానికి అది ఎక్కువ మేలు.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. పెద్ద పేర్ల వెంట పడకండి, రోజుకు రెండు కచేరీలు చాలు, అందులో ఒకటి మధ్యాహ్నానిది పెట్టుకోండి. ఒక రోజు ఉత్తర చెన్నైకి కేటాయించండి. చెన్నై సెంట్రల్‌లో రైలు దిగితే రోడ్డు దాటగానే పార్క్ టౌన్ స్టేషన్ ఉంది, అక్కడ ఎం.ఆర్.టి.ఎస్. బండి ఎక్కి తిరుమయిలైలో దిగండి. కపాలీశ్వరుడి గుడి అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడక, వేకువ భజన సంక్రాంతి దాకా ఉంటుంది.